శౌర్య పతకాల వార్త: పేరు, దళం, తేదీ

సంపాదకులు గారికి,

నమస్కారం. ఏటా రెండుసార్లు, గణతంత్ర దినానికీ స్వాతంత్ర్య దినానికీ ముందు రోజు సాయంత్రం, రాష్ట్రపతి ఆమోదించిన శౌర్య పురస్కారాల జాబితా ఢిల్లీ నుంచి విడుదలవుతుంది. తెల్లారి పేపర్లో తెలిసిన పేరు కోసం వెతుక్కునే ఇళ్లు జంట నగరాల్లో తక్కువేం కాదు. తిరుమలగిరి, బొల్లారం, సైనిక్‌పురి వైపు మరీను. అంత ఆత్రంగా వెతికి పట్టుకున్న వార్తలో పతకం పేరు తప్పుగా ఉంటుంది, దళం పేరు సగమే ఉంటుంది, ఏ సంఘటనకు ఇచ్చారన్నది అసలే ఉండదు. "ఉక్కు సంకల్పం", "శత్రువులకు సింహస్వప్నం", "ప్రాణాలను తృణప్రాయంగా" మాత్రం తప్పకుండా ఉంటాయి. ఆ జవాను ఆ రోజు ఏం చేశాడో తప్ప అన్నీ తెలుస్తాయి. విలేకరులను తప్పు పట్టడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. రాత్రి ఎడిషన్ గడువు నెత్తిమీద ఉండగా ఆ జాబితాను ఎలా చదవాలో డెస్కులో చెప్పేవాళ్లు ఉండరు. ఆ లోటు కొంతైనా తీరుతుందనే ఈ ప్రయత్నం.

మొదట తెలియాల్సింది, పేరులో "చక్ర" ఉన్న పతకాలన్నీ ఒకే వరసవి కావు. పరమవీర్, మహావీర్, వీర్‌చక్ర ఒక కుటుంబం. వీటిని 1950 జనవరి 26న నెలకొల్పి 1947 ఆగస్టు 15 నుంచి వర్తింపజేశారు. శత్రువు ఎదుట చూపిన సాహసానికి ఇవి. అశోక, కీర్తి, శౌర్య చక్రాలది రెండో కుటుంబం. శత్రువుతో ముఖాముఖి కాని సందర్భాల్లో చూపిన సాహసానికి ఇస్తారు. 1952లో వీటిని అశోక చక్ర మొదటి తరగతి, రెండో తరగతి, మూడో తరగతి అని మొదలుపెట్టి, 1967లో ఇప్పటి పేర్లు పెట్టారు. రెండు కుటుంబాలనూ కలిపి హోదా చూస్తే వరస ఇలా ఉంటుంది: పరమవీర్, అశోక, మహావీర్, కీర్తి, వీర్, శౌర్య. కాబట్టి "దేశంలో మూడో అత్యున్నత శౌర్య పురస్కారం కీర్తి చక్ర" అనే వాక్యం తప్పు. శాంతి సమయ పురస్కారాల్లో అది రెండోది, మొత్తం మీద నాలుగోది.

శత్రువు ఎదుట అంటే ప్రకటించిన యుద్ధం ఉండాలని కాదు. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. 1961లో ఐక్యరాజ్యసమితి దళంలో భాగంగా కాంగోలో పోరాడిన కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియాకు పరమవీర్ చక్ర వచ్చింది. 1987లో సియాచిన్‌లో బానా సింగ్‌కూ, అదే ఏడాది శ్రీలంకలో మేజర్ పరమేశ్వరన్‌కూ వచ్చింది. 2020 జూన్ 15న గల్వాన్‌లో జరిగినదీ ప్రకటిత యుద్ధం కాదు, కానీ ఎదుట ఉన్నది మరో దేశపు సైన్యం. అందుకే 16 బిహార్ (బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్) కమాండింగ్ ఆఫీసర్, మన సూర్యాపేట బిడ్డ కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబుకు మహావీర్ చక్ర ఇచ్చారు. కశ్మీర్‌లో ఉగ్రవాదులతో ఎదురుకాల్పుల్లో చూపిన సాహసానికి మాత్రం సాధారణంగా అశోక చక్ర కుటుంబంలోని పతకమే వస్తుంది. తూటాలు అవే, తెగువ అదే, పతకం వేరు. దీన్ని చిన్నచూపుగా అనుకోవాల్సిన పని లేదు, విభాగం అలా ఉంది అంతే.

రెండో కుటుంబానికి సైనికుడే అయి ఉండాలన్న నియమమూ లేదు. విమానంలో ప్రయాణికులను కాపాడుతూ ప్రాణం పోగొట్టుకున్న నీర్జా భనోత్ పౌరురాలు. మన గ్రేహౌండ్స్ అధికారి కె. ప్రసాద్ బాబుకు 2014 గణతంత్ర దినాన మరణానంతరం అశోక చక్ర ప్రకటించారు. పోలీసులకు విడిగా రాష్ట్రపతి శౌర్య పతకం, శౌర్య పతకం ఉన్నాయి. దాదాపు అదే సమయంలో వాటి జాబితా కూడా వస్తుంది. రెండు జాబితాలను కలిపేసి "తెలంగాణకు ఇన్ని శౌర్య పతకాలు" అని రాస్తే సైన్యం లెక్కా తప్పుతుంది, పోలీసుల లెక్కా తప్పుతుంది.

ఫోటోల డెస్కుకు ఒక కిటుకు: రిబ్బన్ చూడండి. పరమవీర్ చక్రది ఏ గీతలూ లేని ఊదా రంగు రిబ్బన్, పతకం కంచు. బంగారు రంగులో మెరిసేదే పెద్దదనుకుని చాలామంది ఇక్కడ బోల్తా పడతారు. మహావీర్ చక్ర వెండిది, రిబ్బన్ సగం తెలుపు, సగం నారింజ. వీర్‌చక్ర కూడా వెండిదే, రిబ్బన్ సగం ముదురు నీలం, సగం నారింజ. అశోక కుటుంబంలో మూడింటికీ ఆకుపచ్చ రిబ్బనే, తేడా అంతా నారింజ గీతల్లో ఉంటుంది. ఒక గీత ఉంటే అశోక (బంగారు పూత), రెండుంటే కీర్తి (వెండి), మూడుంటే శౌర్య (కంచు). గీతలు ఎక్కువైన కొద్దీ హోదా తగ్గుతుంది, ఎందుకంటే పాత రోజుల్లో అవి తరగతి సంఖ్యలు. సేనా మెడల్ రిబ్బన్ ఎరుపు, మధ్యలో తెల్ల చార.

సేనా మెడల్ విషయంలో జరిగే పొరపాటు అన్నింటికంటే ఎక్కువ. 1960లో పెట్టిన ఈ పతకాన్ని సాహసానికీ ఇస్తారు, విశిష్ట సేవకూ ఇస్తారు. పతకం చూస్తే తేడా తెలియదు, జాబితాలో పేరు పక్కన రాసిన "గ్యాలంట్రీ", "డిస్టింగ్విష్డ్" అన్న మాటే తేడా. వార్తలో ఆ మాట ఎగిరిపోతుంది. శిక్షణ కేంద్రాన్ని చక్కగా నడిపినందుకు పతకం పొందిన అధికారిని "ముష్కరులను మట్టుబెట్టిన వీరుడు" అని రాస్తే ఆయనకే తలవంపులు, నిజంగా ఎదురుకాల్పుల్లో నిలిచిన నాయక్‌కు అన్యాయం. నౌ సేనా మెడల్, వాయు సేనా మెడల్‌కూ ఇదే నియమం. జాబితాలో "బార్ టు సేనా మెడల్" అని కనిపిస్తే అది మరో పతకం పేరు కాదు. అదే పతకం రెండోసారి వచ్చిందని అర్థం. రెండోసారి పతకం మళ్లీ ఇవ్వరు, ఉన్న రిబ్బన్ మీద ఒక పట్టీ చేరుస్తారు. మెన్షన్ ఇన్ డిస్పాచెస్ (అధికారిక నివేదికలో పేరు ప్రస్తావన) వచ్చినవారికి విడిగా పతకం ఉండదు, ఆ పోరుకు ఇచ్చిన సర్వీసు పతకం రిబ్బన్ మీద తామరాకు గుర్తు ఉంటుంది.

ఇక శౌర్యంతో నేరుగా సంబంధం లేనివి. సియాచిన్ గ్లేసియర్ మెడల్ అక్కడ నిర్ణీత కాలం పనిచేసిన అందరికీ వస్తుంది. పరాక్రమ్ పదక్ పేరు ఎలా ఉన్నా, శత్రు చర్యలో గాయపడినందుకు ఇచ్చేది. ఒకప్పుడు దాన్ని వూండ్ మెడల్ అనేవారు. పరమ, అతి, విశిష్ట సేవా పతకాలు సేవకు. సైన్యాధిపతి ప్రశంసా పత్రం గౌరవమే, కానీ అది రాష్ట్రపతి ఇచ్చే పురస్కారం కాదు, గెజిట్‌కు ఎక్కదు. ఒకే మనిషికి శౌర్యానికీ సేవకూ రెండూ ఉండొచ్చు. 1971లో 5/1 గోర్ఖా రైఫిల్స్‌ను (ఒకటో గోర్ఖా రైఫిల్స్ ఐదో బెటాలియన్) నడిపించిన తిరుపతివాసి మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ పేరు పక్కన పరమ విశిష్ట సేవా పతకం, ఆ తర్వాత మహావీర్ చక్ర రాస్తారు. ధరించే వరసలో సేవా పతకం ముందు వస్తుంది, అంతమాత్రాన అది పెద్ద శౌర్య పతకం అయిపోదు.

అసలు విషయం సైటేషన్‌లో, అంటే పతకం ఎందుకు ఇస్తున్నారో చెప్పే అధికారిక వివరణలో ఉంటుంది. అది ఎలా తయారవుతుందో తెలిస్తే దాన్ని ఎందుకు యథాతథంగా అచ్చువేయాలో అర్థమవుతుంది. సంఘటన జరిగాక కమాండింగ్ ఆఫీసర్ సిఫారసు రాస్తాడు. నంబరు, హోదా, పేరు, యూనిట్, తేదీ, స్థలం, ఎదురైన పరిస్థితి, ఆ మనిషి చేసిన పని, దాని ఫలితం అన్నీ అందులో ఉండాలి. కళ్లారా చూసినవాళ్ల వాంగ్మూలాలు జతచేయాలి. అది బ్రిగేడ్, డివిజన్, కోర్, కమాండ్ దాటుకుని ఢిల్లీలో మిలిటరీ సెక్రటరీ శాఖకు చేరుతుంది. ఒక్కో మెట్టు దగ్గర పై అధికారి తన అభిప్రాయం రాస్తాడు. పతకం స్థాయి పెంచమనొచ్చు, తగ్గించమనొచ్చు, వద్దనొచ్చు. ఆ తర్వాత రక్షణ శాఖలోని కేంద్ర పురస్కారాల కమిటీ పరిశీలన, చివరికి రాష్ట్రపతి ఆమోదం. ఇన్ని చేతులు మారే కాగితంలో విశేషణాలు నిలబడవు. ఎన్ని మీటర్ల దూరం నుంచి, ఏ ఆయుధంతో, ఎవరు ఆగిపోయినప్పుడు ముందుకు వెళ్లాడు, వెళ్లకపోతే ఏం జరిగేది... వీటికి జవాబు లేని సిఫారసు కింది మెట్టులోనే ఆగిపోతుంది.

సాక్షులు మిగలకపోతే వచ్చే ఇబ్బందీ ఇదే. 1962 నవంబర్ 18న రెజాంగ్ లా దగ్గర మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలోని 13 కుమావున్ కంపెనీ (బెటాలియన్‌లో ఒక భాగం) దాదాపు మొత్తం నేలకొరిగింది. బతికి వచ్చిన కొద్దిమంది చెప్పినదాన్ని మొదట నమ్మనివాళ్లే ఎక్కువ. 1963లో ఆ కొండ మీద, తమ తమ స్థానాల్లో ఆయుధాలతోనే ఉండిపోయిన దేహాలు బయటపడ్డాకే ఆ మాటకు బలం వచ్చింది. హైదరాబాద్ పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి: కుమావున్ రెజిమెంట్‌కు 1945 అక్టోబర్ దాకా ఉన్న పేరు 19వ హైదరాబాద్ రెజిమెంట్. మొట్టమొదటి పరమవీరుడు మేజర్ సోమనాథ్ శర్మ సైన్యంలో చేరింది ఆ రెజిమెంట్ 8వ బెటాలియన్‌లోనే. 1947 నవంబర్ 3న బడ్గామ్‌లో ఆయన అమరుడయ్యే నాటికి అది 4 కుమావున్. ఈ ముక్క మన పేపర్లలో ఎందుకు కనిపించదో!

మంచి సైటేషన్ ఎలా ఉంటుందో చూడాలంటే మన హైదరాబాదీ మేజర్ పద్మపాణి ఆచార్యది చూడండి. 2 రాజ్‌పుతానా రైఫిల్స్, కార్గిల్, 1999 జూన్ 28. గట్టిగా కట్టుకున్న, మందుపాతరలు పరిచిన శత్రు స్థావరాన్ని పట్టుకోవాల్సిన కంపెనీకి ఆయన కమాండర్. ముందు నడిచిన ప్లాటూన్ (కంపెనీలోని చిన్న దళం) ఫిరంగి గుళ్ల వానకు ఆగిపోయింది. దాడి అక్కడితో చతికిలబడేదే. ఆయన రిజర్వ్ ప్లాటూన్‌ను తీసుకుని నిటారు కొండవాలు మీదుగా తానే ముందు నడిచాడు. బంకర్ దాకా పాక్కుంటూ వెళ్లి గ్రెనేడ్లు విసిరాడు. తీవ్రంగా గాయపడి కదల్లేని స్థితిలో తనను వదిలేసి శత్రువు మీదికి వెళ్లమని తన జవాన్లకు ఆజ్ఞ ఇచ్చి, పడి ఉన్న చోటు నుంచే కాల్పులు సాగించాడు. స్థావరం చిక్కింది, ఆయన దక్కలేదు. ఇందులో "సింహం" లేదు, "ఉక్కు" లేదు. రిజర్వ్ ప్లాటూన్‌ను కదిలించిన ఆ నిర్ణయమే మహావీర్ చక్రకు మూలం. వార్తలో ఆ ఒక్క వాక్యం తీసేసి పక్కన ఎన్ని విశేషణాలు చేర్చినా ఏం లాభం? అదే బెటాలియన్‌తో, అదే పోరులో కెప్టెన్ కెంగురుసేకు మహావీర్ చక్ర, కెప్టెన్ విజయంత్ థాపర్‌కు వీర్‌చక్ర వచ్చాయి. మూడూ మరణానంతరమే. ఒక్కొక్కరు చేసిన పని వేరు కనుకే మూడు వేర్వేరు సైటేషన్లు.

చిక్కల్లా ఏమిటంటే పెద్ద పురస్కారాల సైటేషన్లే బయటికి వస్తాయి. సేనా మెడల్ జాబితాలో హోదా, పేరు, దళం తప్ప ఇంకేమీ ఉండదు. ఆ ఖాళీని ఊహతో నింపకండి. "సంఘటన వివరాలు వెల్లడించలేదు" అని రాస్తే సరిపోతుంది. ఇంట్లోవాళ్లను గుచ్చి గుచ్చి అడిగితే వాళ్లు విన్నదీ అనుకున్నదీ కలిపి చెబుతారు. అందులో దళం కదలికలు, ఇంకా సర్వీసులో ఉన్నవాళ్ల పేర్లు కూడా బయటపడొచ్చు.

దళం పేరులో రెండు ముక్కలుంటాయి. ఉగ్రవాదులతో పోరు కోసం ఉన్న రాష్ట్రీయ రైఫిల్స్‌లో పనిచేసేవారు సొంత రెజిమెంట్ నుంచి డిప్యుటేషన్ మీద వస్తారు. 2024లో కీర్తి చక్ర ప్రకటించిన శ్రీకాకుళం జిల్లావాసి మేజర్ మల్ల రామగోపాల్ నాయుడు మాతృ రెజిమెంట్ మరాఠా లైట్ ఇన్‌ఫాంట్రీ, పోరాడింది 56 రాష్ట్రీయ రైఫిల్స్‌తో. ఒకటి రాసి ఒకటి వదిలేస్తే, మర్నాడు మరో పత్రిక రెండోది రాస్తే, ఇద్దరు వేర్వేరు మనుషులని పాఠకుడు అనుకుంటాడు.

పేరు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 1999లో టైగర్ హిల్ మీద 18 గ్రెనేడియర్స్ జవాను యోగేంద్ర సింగ్ యాదవ్‌కు పరమవీర్ చక్ర మరణానంతరమని ప్రకటించారు. అప్పటికి ఆయన ఆసుపత్రిలో కోలుకుంటున్నాడు, చనిపోయింది అదే పేరున్న మరో జవాను. అంత పెద్ద పురస్కారంలోనే అలా జరిగింది. మన దగ్గర దీనికి ఇంటిపేరు చిక్కు తోడవుతుంది. ఉత్తరాది పద్ధతిలో నింపే రికార్డుల్లో మన ఇంటిపేరు ఒక్కోసారి సొంత పేరైపోతుంది, ఒక్కోసారి పొడి అక్షరంగా మిగిలిపోతుంది. రికార్డులో ఒక స్పెల్లింగ్, ఆధార్‌లో ఇంకోటి, పెన్షన్ కాగితంలో మూడోది. జాబితాలోని పేరును మీకు తోచినట్టు విడదీసి తెలుగులోకి మార్చకండి. ఇంట్లో ఒకసారి అడిగి, గెజిట్‌లో ఉన్న పొడి అక్షరాలతో సరిచూసుకోండి.

ఇక డబ్బు. కేంద్రం ఇచ్చేది నెలవారీ భత్యం. 2017 ఆగస్టు 1 నుంచి వచ్చిన రేట్ల ప్రకారం పరమవీర్‌కు రూ. 20,000, అశోక చక్రకు 12,000, మహావీర్‌కు 10,000, కీర్తికి 9,000, వీర్‌కు 7,000, శౌర్యకు 6,000, శౌర్యానికి ఇచ్చిన సేనా మెడల్‌కు 2,000. సేవకు ఇచ్చిన సేనా మెడల్‌కు ఈ భత్యం లేదు. "గ్యాలంట్రీ" అన్న మాట వదిలేయకూడదనడానికి ఇదీ ఒక కారణం. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే నగదు వేరు, అది ఒక్కసారి ఇచ్చేది, రాష్ట్రానికో రేటు. ఈ రెంటినీ కలిపి "కోటి రూపాయల పతకం" అని శీర్షిక పెడితే ఆ ఇంటి గుమ్మం ముందు మర్నాటి నుంచి అప్పు అడిగేవాళ్లు బారులు తీరతారు. సరదాకి అన్న మాట కాదిది.

ఈ భత్యానికీ, రాష్ట్ర నగదుకూ, రైల్వే పాస్‌కూ కుటుంబం చూపించాల్సింది పేపర్ కటింగ్ కాదు, గెజిట్ ప్రతి. రాష్ట్రపతి సచివాలయం ఇచ్చే నోటిఫికేషన్ భారత గెజిట్ మొదటి భాగం, మొదటి సెక్షన్‌లో అచ్చవుతుంది. దాని నంబరు, తేదీ రాసిపెట్టుకోవాలి. ఆ పురస్కారం రికార్డ్ ఆఫీస్ పార్ట్-టూ ఆర్డర్‌లో (సైనికుడి సర్వీసు వివరాలు నమోదు చేసే ఉత్తర్వు) ఎక్కిందో లేదో చూసుకోవాలి. పెన్షన్‌లో ఉన్నవారైతే భత్యం స్పర్శ్ (రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ) ఖాతాలో కలిసిందో లేదో సరిచూసుకోవాలి. ఆగిపోయే చోటు చాలాసార్లు పేరు తేడా దగ్గరే. అలా ఆగితే సోమాజిగూడలోని రాష్ట్ర సైనిక సంక్షేమ శాఖనో, జిల్లా సైనిక సంక్షేమ అధికారినో కలవాలి. రికార్డ్ ఆఫీస్‌కు ఉత్తరం వాళ్ల ద్వారా వెళితే జవాబు త్వరగా వస్తుంది. పురస్కార గ్రహీత లేకపోతే భత్యం భార్యకు, పెళ్లికానివాడైతే తల్లిదండ్రులకు అందుతుంది. మీ వార్త చివర ఈ నాలుగు వాక్యాలు ఒక పెట్టెలో వేస్తే పేజీకి బరువేమీ కాదు.

తేదీలు మూడుంటాయని మరవద్దు: సంఘటన తేదీ, ప్రకటన తేదీ, ప్రదానం తేదీ. కర్నల్ సంతోష్ బాబు విషయంలో అవి 2020 జూన్ 15, 2021 గణతంత్ర దినం, 2021 నవంబర్ 23. ప్రకటించినప్పుడు ఒకసారి, ప్రదానం చేసినప్పుడు ఒకసారి "మహావీర్ చక్ర వరించింది" అని రాస్తే రెండు పతకాలనుకునే పాఠకులూ ఉన్నారు. పరమవీర్, అశోక చక్రాలు గణతంత్ర కవాతు వేదిక మీద రాష్ట్రపతి ఇస్తారు. మిగతా చక్రాలు రాష్ట్రపతి భవన్ వేడుకలో. సేనా మెడల్ సాధారణంగా ఆర్మీ కమాండర్ చేతుల మీదుగా, ఆయా కమాండ్ నిర్వహించే ప్రదానోత్సవంలో. ఢిల్లీ ఫోటో లేదని సేనా మెడల్ వార్తను ఆపేయాల్సిన పని లేదు.

చివరిగా మీ పేజీ పెట్టేవారికి ఒక విన్నపం. సైనికుడు పతకాలు ఎడమ రొమ్ము మీద పెట్టుకుంటాడు. చనిపోయినవారి పతకాలను కుటుంబ సభ్యులు కుడివైపు ధరిస్తారు. డిజైన్ కుదరడం కోసం ఫోటోను అటూ ఇటూ తిప్పి వేస్తే బతికున్న సుబేదార్ పతకాలు కుడివైపుకు చేరతాయి, చూసే మాజీ సైనికుడి గుండె గుభేలుమంటుంది. ఎప్పుడైనా తప్పు పడితే సవరణ ఎక్కడో వాణిజ్య ప్రకటనల కింద కాకుండా అదే జిల్లా పేజీలో, పూర్తి పేరు, దళం, పతకం, గెజిట్ తేదీలతో వేయండి. ఆ ఇంట్లో లామినేషన్ చేయించి దాచుకునేది ఆ ముక్కనే.

ఇట్లు,
విశ్రాంత సైనికోద్యోగి,
తిరుమలగిరి, సికింద్రాబాద్